పాత సైనిక తుపాకి: దాని బోరు నెరుగు విధము



పల్లెలలో పాత లోగిళ్లను విప్పునప్పుడు అటకమీదనో, గోడగూటిలోనో, గాదె వెనుకనో చిలుము పట్టిన తుపాకి యొకటి బయటపడుట యప్పుడప్పుడు జరుగుచుండును. ఇంటివారు దానిని దింపి, తుడిచి, అరుగుమీద పెట్టుదురు. పడుచువాండ్రు చుట్టును మూగుదురు. "ఇది త్రీ నాట్ త్రీ" యని యొకడనును. "కాదు, పులివేట తుపాకి" యని మరియొకడనును. తుదకు తీర్పు చెప్పుటకు ఊరిపెద్దను పిలుతురు. అట్టి తీర్పు చెప్పవలసివచ్చిన పెద్దకు తెలిసియుండవలసిన సంగతులను గూర్చి నేడు నాలుగు మాటలు మనవిచేసెదను.

ఇది వట్టి వినోదమునకు సంబంధించిన విషయమని తలపవలదు. తుపాకి బోరు తెలియనిచోట మూడు నష్టములు పొంచియుండును. సరిపడని తూటాను పెట్టి పేల్చినవాని కన్నో, చేయియో, ప్రాణమో పోవచ్చును. ఇంటిలో నేది యుంచుకొనవచ్చునో యేది యుంచుకొనరాదో తెలియక గృహస్థు రాజదండనకు గురికావచ్చును. ఇక మూడవది, ఆ యినుపముక్కపై వ్రాసియున్న దేశచరిత్ర గరగరలాడు గరుకుకాగితము క్రింద రాలిపోవచ్చును.

మొదట శబ్దార్థమును విచారింతము. తుపాకి యను మాట తురుష్కభాషనుండి మనకు వచ్చినది. బోరనగా గొట్టముయొక్క రంధ్రము. దాని వెడల్పు కొలతను ఇంగ్లీషువారు కాలిబరందురు. అరబ్బీభాషలో అచ్చునకు ఖాలిబని పేరు; కాలిబరను శబ్దము దానినుండియే పుట్టినదని నిఘంటుకారులు చెప్పుదురు. ఈ వ్యుత్పత్తి మనకు మంచి దారి చూపుచున్నది. అచ్చునకు తగిన బొమ్మ యెట్లో, గొట్టమునకు తగిన గుండట్లు. అచ్చొకటి, పోత మరియొకటి యైనచో పని చెడును. తుపాకి విషయమున పనితోపాటు మనుష్యుడును చెడును.

ఈ కొలతను చెప్పుటలో మూడు సంప్రదాయములు కలవు. మన గ్రామములలో వాడుకలోనున్న పన్నెండు బోరు తుపాకి పేరు సీసపు తూకమునుబట్టి వచ్చినది. ఒక పౌను సీసమును, అనగా సుమారు 454 గ్రాములను, సమానమైన 12 గుండ్లుగా పోసినయెడల అందొక్కొక్క గుండు ఏ గొట్టమునకు సరిపోవునో అది పన్నెండు బోరు. కావున సంఖ్య పెరిగినకొలది రంధ్రము తగ్గును. పదునారు బోరు పన్నెండు బోరుకంటె సన్నము. ఇరువది బోరు అంతకంటెను సన్నము. రెండవది అంగుళముల లెక్క. .303 అనగా అంగుళమును వేయిపాళ్లు చేసినచో అందు 303 పాళ్లు. మూడవది మిల్లీమీటర్ల లెక్క, 7.62 అనునది ఆ లెక్కలోనిది. ఈ మూడు లెక్కలను కలగాపులగము చేయుటవలననే సగము పొరపాట్లు పుట్టుచున్నవి. .410 అను తుపాకి పేరు విని అది పన్నెండు బోరువలె గుండ్ల లెక్కయని భ్రమపడువారు కలరు. అది అంగుళముల లెక్కయే, సుమారు 10.4 మిల్లీమీటర్లు.

ఇక రైఫిలను తుపాకి గొట్టము లోపల నున్నగా నుండదు. అందు మరచుట్టుగా తిరిగిన గాడులుండును. గుండు ఆ గాడులను కొరుకుకొని బొంగరమువలె తిరుగుచు వెడలును. అందువలన దారితప్పక చాలదూరము పోవును. గాడులున్నచోట రెండు కొలతలేర్పడును. గాడికిని గాడికిని నడుమనున్న గట్టులమీద కొలిచిన కొలత యొకటి. గాడుల యడుగున కొలిచిన కొలత మరియొకటి. త్రీ నాట్ త్రీ తుపాకికి .303 అను పేరు గట్టుల కొలతనుబట్టి వచ్చినది. దాని గుండు మాత్రము గాడులను నింపవలసినది గనుక సుమారు .311 అంగుళముండును. కావున పేరు వేరు, గుండు కొలత వేరు. పేరునుబట్టి గుండును తెచ్చువాడు మోసపోవును.

పేరొకటియై కొలత రెండైన సందర్భములును కలవు. జర్మనీదేశమున 1888వ సంవత్సరమున ఒక సైనిక తుపాకి యేర్పడెను. దాని గుండు .318 అంగుళము. 1905లో జర్మనులు మొనతేలిన క్రొత్త గుండును ప్రవేశపెట్టిరి, దాని కొలత.323 అంగుళము. రెంటిని లోకము ఎనిమిది మిల్లీమీటర్ల మౌజరనియే పిలిచినది. భేదము అంగుళములో వేయింట అయిదుపాళ్లు మాత్రమే. అయినను క్రొత్త గుండును పాత గొట్టమున పేల్చుట అపాయకరమని తుపాకిపనివారు నేటికిని హెచ్చరించుచుందురు.

మన దేశమునకు వచ్చిన సైనిక తుపాకుల వంశావళిని కొంచెము చెప్పెదను. 1853వ సంవత్సరపు ఎన్‌ఫీల్డు తుపాకి బోరు .577 అంగుళము, మూతినుండి మందు కూరవలసినది. కొవ్వు పూసిన దాని తూటా కాగితమును పండ్లతో కొరుకవలసివచ్చుటయే 1857వ సంవత్సరపు సిపాయిల తిరుగుబాటునకు నిప్పురవ్వ యయ్యెనని మీరెల్లరును వినియున్నారు. 1866లో ఆ తుపాకినే వెనుకనుండి తూటా పెట్టునట్లు మార్చి స్నైడరనిరి. 1871లో మార్టినీ హెన్రీ వచ్చినది. దానికి క్రింద మీట యుండును; దానిని దించిన వెనుకభాగము తెరచుకొనును; ఒక్కొక్కసారి యొక్కొక్క తూటాయే. దాని బోరు .450 అంగుళము. 1888లో లీ మెట్‌ఫర్డు, 1895లో లీ ఎన్‌ఫీల్డు వచ్చినవి. ఇవి .303 బోరువి, పలుతూటాల పెట్టె గలవి. 1907లో పొట్టి లీ ఎన్‌ఫీల్డు మూడవ రకము స్థిరపడినది. బంగాళదేశమున హుగ్లీనది యొడ్డున కలకత్తాకు సమీపమున నున్న ఈశాపూరు కర్మాగారములో ఈ తుపాకులు దశాబ్దములపాటు తయారైనవి. రెండు ప్రపంచయుద్ధములందును మన సిపాయిలు భుజమున మోసినది ముఖ్యముగా ఈ జాతినే.

ఇక్కడ చిక్కులు రెండు గలవు. మొదటిది: పాత మార్టినీ తుపాకులను పారవేయక, వాని గొట్టములను తీసి .303 గొట్టములను బిగించిరి. కావున పైరూపము మార్టినీ యైనంతమాత్రమున బోరు .450 అని చెప్పరాదు. రెండవది: లీ ఎన్‌ఫీల్డు తుపాకులు కొన్నింటిని పోలీసులకొరకును కావలివారికొరకును .410 బోరుగా మార్చి, లోపలి గాడులను తొలిచి నునుపుచేసి, తూటాల పెట్టెలో కఱ్ఱదిమ్మ పెట్టి, ఒక్కతూటా తుపాకులుగా చేసిరి. మరల 1962వ సంవత్సరపు చైనాయుద్ధము పిమ్మట ఈశాపూరువారు అదే రూపమున, గట్టి ఉక్కుతో, 7.62 మిల్లీమీటర్ల తూటాకు తగిన తుపాకిని చేసిరి. కావున దూరమునుండి చూచినవానికి ఒక్కటిగానే కనబడు లీ ఎన్‌ఫీల్డు దేహమున .303, .410, 7.62 అను మూడు ప్రాణములలో నేదియైన నుండవచ్చును. కవల సోదరులను ముఖమునుబట్టి కాక పుట్టుమచ్చనుబట్టి యెరిగినట్లు, ఈ తుపాకులను ముద్రలనుబట్టి యెరుగవలెను.

తుపాకికిని తూటాకును గల యీ సంబంధమును మన తెలుగునేలమీద బాగుగ నెరిగినవాడు అల్లూరి సీతారామరాజు. 1922వ సంవత్సరము ఆగస్టు 22, 23, 24 తేదీలలో వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసుఠాణాలపై అతడు దాడిచేసెను. 26 తుపాకులతోపాటు రెండువేల అయిదువందల తూటాలవరకు తీసికొనిపోయెనని చరిత్రకారులు వ్రాసిరి. తుపాకి యున్నంతమాత్రమున చాలదు, దానికి పుట్టిన తూటాయే కావలెను. అందుచేతనే రెంటిని ఒకేచోటినుండి గ్రహించుట.

ఇక పరీక్షించు క్రమమును చెప్పెదను. అన్నింటికంటె ముందు, బయటపడిన తుపాకిని నిండుతుపాకిగనే యెంచవలెను. నలువదేండ్లు అటకమీద పడియున్నను లోపల తూటా లేదని యెవరు సాక్ష్యము పలుకగలరు? మూతిని మనుష్యులవైపు త్రిప్పరాదు. మీటపై వ్రేలుంచరాదు. మూతిలో కన్నుపెట్టి చూడరాదు. పిల్లలను దూరముగా పంపవలెను. తుప్పుపట్టి బిగిసిన బోల్టును సుత్తితో కొట్టి తెరవజూచుట మహాప్రమాదము. తెరచుట తెలిసిన పనివానికే వదలవలెను. పెద్ద చేయవలసినది చేతిపని కాదు, కంటిపని.

ఆ కంటిపనిలో మొదటిది ముద్రలను చదువుట. పొట్టి లీ ఎన్‌ఫీల్డు తుపాకికి మీటవెనుక, చేయి పట్టుకొను సన్నని భాగమున, కుడివైపున ఇనుపకట్టు ఉండును. దానిపై కిరీటము, దాని క్రింద రాజుపేరి యక్షరములు, కర్మాగారముపేరు, సంవత్సరము, రకము సంఖ్య చెక్కియుందురు. విక్టోరియా రాణి కాలముది, ఎడ్వర్డు కాలముది, జార్జి కాలముది ఆయా యక్షరములచేత తెలియును. స్వాతంత్ర్యానంతరమున చేసిన ఈశాపూరు తుపాకులపై కిరీటము స్థానమున అశోకస్తంభపు సింహములు కూర్చున్నవి. ఒక రాజ్యము పోయి మరియొక రాజ్యము వచ్చిన సంగతి తుపాకి మెడమీదనే కనబడుట చిత్రము కాదా? 7.62 తుపాకులపై ఆ సంఖ్య స్పష్టముగా చెక్కబడియుండును. వాని తూటాలపెట్టె చతురస్రముగా నుండును; .303 తుపాకి పెట్టె యడుగు ఏటవాలుగా నుండును. 7.62 తుపాకులలో తరువాతి రకమునకు గురిపట్టెపై దూరపు గీతలు 800తో ముగియును. దాని మొదటిరకమున 2000వరకును గలవు.

గొట్టము మొదటిభాగమునను ముద్రలుండును. సైన్యమునుండి విడుదలయై ఇంగ్లాండులో అంగడికి వచ్చిన .303 తుపాకులపై అచ్చటి పరీక్షాశాలవారు బోరుతోపాటు 2.222 అనియు, 18.5 టన్నులనియు చెక్కుచుండిరి. ఇందు మొదటిది తూటా గుల్ల పొడవు, అంగుళములలో. రెండవది చదరపు అంగుళమునకు తట్టుకొనవలసిన ఒత్తిడి. కొన్నింటిపై డి.పి. అను అక్షరములుండును, అవి కవాతు నేర్పుటకు మాత్రమే యుద్దేశించినవి. అట్టిదానిని పేల్చుట ప్రాణముతో చెలగాటము.

ముద్రలు అరిగిపోయినచో కొలతలవైపు పోవలెను. ఇచ్చట చాలమంది పొరపడుదురు. మూతివద్ద స్కేలుపెట్టి కొలుతురు. .303 అనగా 7.70 మిల్లీమీటర్లు, రెండవది 7.62. భేదము మిల్లీమీటరులో నూరింట ఎనిమిదిపాళ్లు, తలవెండ్రుక మందమంత. కంటికిని, స్కేలుకును ఇది యందదు. పైగా సంవత్సరములతరబడి శుభ్రపరచు త్రాడు రాచుకొని మూతి అరిగి వెడల్పై యుండును. మరియొక చిక్కును వినుడు. ఎన్‌ఫీల్డు గొట్టములలో సాధారణముగా అయిదు గాడులుండును. బేసిసంఖ్య గనుక ఒక గాడి కెదురుగా మరియొక గాడి యుండదు, గట్టే యుండును. అడ్డముగా కొలిచినచో గాడినుండి గాడికి కొలత రానేరాదు. యుద్ధకాలమున చేసిన కొన్ని గొట్టములకు రెండే గాడులు. కావున కొలుచుపని తెలిసినవాడు మెత్తని సీసపుగుండును గొట్టముగుండ నెమ్మదిగా త్రోసి, అందు పడిన యచ్చును తగిన పరికరముతో కొలుచును.

అయినను గొట్టముకంటె ముఖ్యమైనది తూటాయింట, అనగా గొట్టము వెనుకభాగమున తూటా కూర్చుండు అర. బోరొకటే యైనను తూటాయిండ్లు వేరువేరుగా నుండవచ్చును. తూటాయిల్లు చెప్పిన మాటయే తుది తీర్పు. ఖాళీయని రూఢిపరచుకొనిన తరువాత, తుపాకిపనివారు అందులో కరగిన గంధకమునో, తక్కువ వేడికి కరగు లోహమిశ్రమమునో పోసి, గడ్డకట్టినపిదప దానిని వెలికిదీసి, మెడ, భుజము, అడుగు, పొడవు కొలుతురు. ఇదియే ఖాలిబను మాటకు నిజమైన సార్థక్యము. ఇది యింట చేయదగిన పని కాదు. కాని యిట్టి పద్ధతి కలదని తెలిసియున్నచో "తూటా పెట్టి చూచిన తెలియును గదా" యను కుఱ్ఱవానికి పెద్ద బదులు చెప్పగలడు.

ఆ కుఱ్ఱవాని మాటలోని యపాయమును విప్పి చెప్పెదను. తూటా చొచ్చుట వేరు, సరిపడుట వేరు. సన్నని తూటా వెడల్పైన యింటిలో సులభముగా చొచ్చును. పేల్చినక్షణమున ఇత్తడి గుల్ల ఉబ్బి, గోడలకు అంటుకొని, వాయువును వెనుకకు రానీయక ఆపవలెను. ఇల్లు వెడల్పైనచో గుల్లకు ఆనుకొనుటకు గోడ దొరకదు. ఉబ్బి ఉబ్బి చినుగును. చదరపు అంగుళమునకు పదునెనిమిది టన్నుల ఒత్తిడిగల మండుచున్న వాయువు వెనుకకు మరలును. వెనుక నున్నదేమి? పేల్చువాని చెంపయు, కన్నును. ఇక లావుగుండు సన్నని గొట్టమున నిరికినచో ఒత్తిడి హద్దుమీరి యినుమే పగులును. బోల్టు మూతపడినది గనుక సరిపడినదనుకొనుట, తలుపు మూతపడినది గనుక ఇల్లు మనదే యనుకొనుట వంటిది.

తూటాలును దొరకినచో వాని యడుగున ముద్రలుండును. పూనాకు సమీపమున నున్న కిర్కీ కర్మాగారపు తూటాలపై కె.ఎఫ్. అను అక్షరములుండును. పాత .303 తూటాలపై ఏడవ రకమునకు గుర్తుగా రోమను అంకె యుండవచ్చును. అంచు వెడల్పుగ పైకి వచ్చియున్నచో .303 జాతిది, అంచు గుల్లతో సమముగ నున్నచో 7.62 జాతిది. కాని యొక్కటి మరువరాదు. ముద్ర తూటాజాతిని మాత్రమే చెప్పును. ప్రక్కప్రక్కనే దొరకినంతమాత్రమున ఆ తూటా ఆ తుపాకిదే యని నిశ్చయింపరాదు. పాత తూటాలను నిప్పులో వేయుట, రాతితో కొట్టుట, బావిలో పారవేయుట తగదు. అవి యెన్ని యేండ్లవైనను మందు చచ్చినదని నమ్మరాదు.

ఇక రాజశాసనమును గూర్చి. మన దేశమున 1959వ సంవత్సరపు ఆయుధముల చట్టము అమలులో నున్నది. అందు కొన్ని బోరులు నిషిద్ధములు, కొన్ని అనుమతింపదగినవి. .303 రైఫిలు నిషిద్ధబోరు. సైన్యపు తూటా పౌరుని తుపాకిలో పేలకుండుటయే యీ విభాగమున ఉద్దేశము. ప్రభుత్వ కర్మాగారములు పౌరులకొరకు చేసిన రైఫిలు .315 బోరుది. రెంటికిని భేదము అంగుళములో వేయింట పండ్రెండు పాళ్లు. ఆ పండ్రెండు పాళ్లలోనే గృహస్థుని స్వేచ్ఛ యిమిడియున్నది. అనుమతింపదగిన బోరునకు అనుమతిపత్రము జిల్లా అధికారుల యొద్ద లభింపవచ్చును. నిషిద్ధబోరు విషయము కేంద్రప్రభుత్వమునకు జెందును. 2019లో చట్టమును సవరించి, నిషిద్ధాయుధమును అనుమతి లేక కలిగియుండుటకు ఏడేండ్లకు తక్కువగాకుండ, పదునాలుగేండ్లవరకు కారాగారవాసమును విధించిరి. తాతగారిదని చెప్పినంతమాత్రమున దోషము తొలగదు. ఏ తుపాకికైనను అనుమతి గడువు తీరిపోయినచో, లేక రద్దయినచో, ఆలస్యము చేయక సమీపపు పోలీసుఠాణాలోనో, అనుమతిగల వ్యాపారియొద్దనో అప్పగింపవలెనని ఆ చట్టమునందలి 21వ విభాగము శాసించుచున్నది.

కావున పెద్దలు చేయదగినదిది. తుపాకిని ఉన్నచోటనే యుంచి, గది తలుపు మూయించి, ఠాణాకు కబురంపవలెను. చేత పట్టుకొని బజారువెంట తీసికొనిపోరాదు. కనబడిన ముద్రలను, సంవత్సరమును, సంఖ్యలను కాగితముమీద వ్రాసికొని, ఇంటివారి ముందర ఇద్దరు సాక్షుల సంతకములు చేయించుట మంచిది. పాత అనుమతిపత్రములున్నచో వెదకి జతపరుపవలెను. ఠాణాలో అప్పగించినపుడు వివరములతో రసీదు పుచ్చుకొనవలెను. దాచుటవలన పరువు నిలుచునని కొందరు తలచుదురు. పరువు పోవునది దాచినందువలననే. గరుకుకాగితముతో ముద్రలను రుద్ది నిగనిగలాడించు పని మాత్రము చేయనీయకుడు. అట్లు చేసినచో చరిత్రయు పోవును, సంఖ్యను చెరిపివేసిరను అపవాదమును చుట్టుకొనును.

త్రీ నాట్ త్రీ తుపాకి తన కాలమును ముగించుకొన్నది. ఉత్తరప్రదేశపు పోలీసులు 2020వ సంవత్సరము జనవరి 26న గణతంత్రదినోత్సవపు కవాతులో దానికి కడపటి వీడ్కోలు పలికిరి. ఎందరో మన పల్లెల యువకులు ఆ తుపాకినే మోసి దూరదేశములకు పోయిరి; కొందరు తిరిగివచ్చిరి, కొందరు రాలేదు. దాని ముద్రలను చదువుట వారిని తలచుకొనుటయే. దానిని పేల్చిచూడబోయి ఇంటి పిల్లవానిని పోగొట్టుకొనుట మాత్రము వారికి చేయు గౌరవము కాదు. కన్నుతో చదువుడు, కలముతో వ్రాయుడు, చేతిని దూరముగా నుంచుడు.